జిమ్ మార్షల్ నుంచి మూడు పాటల రూలు దాకా: రాక్ ఫొటోగ్రాఫర్ల కథలు

ట్రైఎక్స్400 (హైదరాబాద్) | శనివారం రాత్రి 9:12

ఈ విభాగం తెరిస్తే చాలు, ఏ లెన్స్ కొనాలి, ఏ బాడీ అమ్మాలి అన్న గొడవే. ఇవాళ కాస్త మనుషుల గురించి మాట్లాడుకుందాం. రాక్ సంగీతకారుల్ని తీసినవాళ్లలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు జిమ్ మార్షల్. 1936లో షికాగోలో పుట్టాడు, పెరిగింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. మెడలో ఎప్పుడూ లైకా కెమెరాలు వేలాడుతుండేవి. నోరు మంచిది కాదు, కోపం ముక్కు మీదే ఉండేది. అయినా అతన్ని గదిలోంచి బయటికి పొమ్మన్న సంగీతకారులు తక్కువ.

1960లో జాజ్ శాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ ఆ ఊళ్లో వాయించడానికి వచ్చాడు. బర్క్‌లీలో ఉండే విమర్శకుడు రాల్ఫ్ గ్లీసన్ ఇంటికి ఇంటర్వ్యూకి వెళ్లాలి, దారి తెలీదు. ఆ దారి అడిగింది మార్షల్‌ని. చెప్పడం దేనికి, నేనే దింపుతానని కారెక్కించుకుని వెళ్లి, ఆ ఇంట్లోనే ఉండిపోయి ఫొటోలు తీసుకున్నాడు. అతని పద్ధతి మొత్తం ఇందులోనే ఉంది.

1966 ఆగస్టు 29న క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో బీటిల్స్ టికెట్లు పెట్టి చేసిన ఆఖరి కచేరీ జరిగినప్పుడు తెర వెనక్కి రానిచ్చిన ఫొటోగ్రాఫర్ ఇతనొక్కడే. 1968లో వింటర్‌ల్యాండ్ హాల్లో గాయని జానిస్ జాప్లిన్ మందు సీసా పట్టుకుని సోఫాలో ఒరిగిన బొమ్మ ఇతనిదే. 1969 ఫిబ్రవరిలో శాన్ క్వెంటిన్ జైల్లో జానీ క్యాష్ కెమెరాకి మధ్యవేలు చూపించిన ఫొటో అయితే టీషర్టుల మీద చూడనివాళ్లు ఉండరు. జైలు వార్డెన్‌కి ఇద్దాం, ఒకటి తీద్దామని మార్షల్ అన్నాడట, ఆయన వెంటనే వేలెత్తాడట. ప్రపంచంలో అందరూ అన్నిటికంటే ఎక్కువగా దొంగిలించిన ఫొటో ఇదేనేమో అని మార్షలే అనేవాడు.

అతని షరతు ఒక్కటే. రానిస్తే అన్నిచోట్లకీ రానివ్వాలి, లేకపోతే అసలు రాను. నెగెటివ్‌లు మాత్రం నావే.

ఇప్పుడు ఇలాంటి ఫొటోలు ఎందుకు రావట్లేదు? ప్రతిభ తగ్గి కాదని నా నమ్మకం. ఫొటోగ్రాఫర్‌ని అక్కడ ఉండనివ్వట్లేదు, అంతే. మీరేమంటారు?

పాటలపిచ్చి (విశాఖ) | శనివారం రాత్రి 9:40

క్యాష్ కంట్రీ గాయకుడు కదండీ, రాక్ లెక్కలో ఎలా వేశారు? సరే, వదిలేద్దాం.

మీ వాదనకి నా దగ్గర గట్టి అడ్డంకి ఉంది. 1967 జూన్ 18 రాత్రి, కాలిఫోర్నియాలో మాంటెరీ సంగీతోత్సవం. జిమీ హెండ్రిక్స్ గిటార్‌కి నిప్పంటించి, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ పైకెత్తి మంటని పిలుస్తున్నట్టున్న ఫొటో ఉంది కదా. అందరూ మార్షల్‌దనుకుంటారు. అక్కడ అతనూ ఉన్నాడు, అతనూ తీశాడు. కానీ ఆ ఫొటో మాత్రం ఎడ్ కరాఫ్ అనే పదిహేడేళ్ల స్కూలు కుర్రాడిది. కెమెరా కూడా అతనిది కాదు, అడిగి తెచ్చుకున్నది. హెండ్రిక్స్ ఎవరో అతనికి అప్పటికి సరిగా తెలీదు. స్టేజీ అంచున కుర్చీ మీద నిలబడి తీశాడు. మంట మొహానికి కొట్టేంత దగ్గర. తర్వాత ఆల్బమ్ అట్టలు బోలెడు తీసి, కొన్నేళ్లకి ఫొటోలు మానేసి వంటవాడయ్యాడు.

మరి ఈ కుర్రాణ్ని ఎవరు డ్రెస్సింగ్ రూములోకి రానిచ్చారు? ఎవరితో స్నేహం ఉంది? ఏమీ లేదు. కుర్చీ ఉంది, రీలులో ఫ్రేము మిగిలి ఉంది.

పిట్‌లో_పిల్లి (బెంగళూరు, అసలు ఊరు విజయవాడ) | శనివారం రాత్రి 10:25

పాటలపిచ్చి గారూ, కుర్చీ దొరకడమే అసలు సంగతి. ఇవాళ ఆ కుర్చీ ఎక్కితే సెక్యూరిటీ వాళ్లు భుజం పట్టుకుని దింపేస్తారు.

కచేరీలు తీయడం నా పని కాబట్టి ఇప్పుడెలా ఉంటుందో చెప్తాను. స్టేజీకీ బారికేడ్‌కీ మధ్య సందు ఉంటుంది, దాన్నే పిట్ అంటాం. మనిషి అటూ ఇటూ తిరగడానికి చాలినంత, అంతే. అందులో మమ్మల్ని వరసగా నిలబెడతారు. మొదటి మూడు పాటలు, ఫ్లాష్ వాడకూడదు. పెద్ద బ్యాండ్ల దగ్గర ప్రపంచమంతా ఇదే రూలు. మొదటి పాటలో పొగ మెషిన్ ఊదేస్తుంది, లైట్లు ఇంకా పూర్తిగా వేయరు, మనకి కనిపించేది నీడలు. రెండో పాటకి కాస్త వెలుగు వస్తుంది. మూడో పాట వచ్చేసరికి ఏ లైటు ఎప్పుడు వెలుగుతుందో పసిగడతాం. సరిగ్గా అప్పుడు టైమైపోయింది పదండంటారు. కొన్నిచోట్ల కెమెరా బ్యాగు కూడా బయటే పెట్టి రావాలి.

పాడేవాడికి చెమట పట్టడం, జుట్టు చెదరడం, జనంలోకి దూకడం, గిటార్ నేలకేసి కొట్టడం, ఇవన్నీ ఆఖర్లో జరుగుతాయి. ఆ సమయానికి మేం గేటు బయట నూడుల్స్ తింటుంటాం. మొదటి మూడు పాటల్లో ప్రతి బ్యాండూ అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. పక్కపక్కనే నిలబడ్డ ఇరవై మంది కెమెరాల్లోనూ ఒకటే ఫొటో.

అందుకే ట్రైఎక్స్ గారి మాటే నాది కూడా. జానిస్ ఆ సోఫాలో కూర్చున్నది కెమెరా కోసం కాదు. అలసిపోయి కూర్చుంది. ఆ గదిలో ఉన్నవాడికే దొరికింది.

బేస్_వరంగల్ | శనివారం రాత్రి 11:02

నేను అవతలి పక్షం. ఫొటో తీసే రకం కాదు, బ్యాండ్‌లో బేస్ వాయిస్తా. నిజం చెప్పాలంటే స్టేజీ దిగాక కెమెరా కనిపిస్తే మాకు చిరాకు. అప్పుడు తీగ తెగి ఉంటది, డ్రమ్మర్‌తో గొడవై ఉంటది. అప్పుడు పక్కన ఉండనివ్వాలంటే ఆ మనిషి మీద ఎంత నమ్మకం ఉండాలి! మార్షల్‌ని అందరూ ఎందుకు రానిచ్చారో ఎవరన్నా చెప్పండి.

ఇక బేస్ వాయించేవాడిగా నా ఓటు పెన్నీ స్మిత్‌కే. 1979 సెప్టెంబర్, న్యూయార్క్‌లో పల్లాడియం హాలు. జనాన్ని కుర్చీల్లోంచి లేవనివ్వట్లేదని క్లాష్ బ్యాండ్ పాల్ సిమొనన్‌కి కోపమొచ్చింది. బేస్ గిటార్‌ని గొడ్డలిలా ఎత్తి నేలకేసి బాదాడు. స్టేజీ పక్కన ఉన్న ఆవిడ, అతను తనవైపే వస్తుంటే వెనక్కి జరుగుతూ నొక్కేసింది. ఫోకస్ పోయింది. వాళ్లు దాన్ని డిసెంబర్‌లో వచ్చే ఆల్బమ్ అట్టకి అడిగితే, ఫోకస్ లేదు, వద్దని ఆవిడే వాదించింది. బ్యాండ్ గాయకుడు జో స్ట్రమ్మర్ వినలేదు. 2002లో క్యూ మ్యాగజైన్ దాన్నే రాక్ అండ్ రోల్ ఫొటోలన్నిటిలోకీ గొప్పదని ఎంచింది. విరిగిన ఆ బేస్ ఇప్పుడు లండన్‌లో మ్యూజియం వస్తువు.

ఆవిడ అక్కడ ఎందుకుంది? టూర్ మొత్తం వాళ్లతో తిరుగుతోంది కాబట్టి. మూడు పాటలకే బయటికి పంపితే ఆ ఫొటో లేదు. ఎందుకంటే గిటార్ పగిలింది షో చివర్లో.

కొత్త_కెమెరా (కాకినాడ) | ఆదివారం ఉదయం 7:48

రాత్రంతా చదివాను, సూపర్ అండి. నాదో చిన్న డౌట్. అప్పట్లో ఐఎస్ఓ (వెలుగుని పట్టుకునే వేగం) 6400 లేదు, ఆటోఫోకస్ లేదు. ఆ చీకటి హాళ్లలో ఎలా తీశారు?

ట్రైఎక్స్400 | ఆదివారం ఉదయం 9:30

తమ్ముడూ, నా పేరులోనే ఉంది జవాబు. కోడాక్ ట్రై-ఎక్స్, నలుపు తెలుపు ఫిల్మ్, స్పీడు 400. చీకటి హాల్లో అది చాలదు. అందుకని దాన్ని 800 అనో 1600 అనో అనుకుని తీసేవాళ్లు, అంటే తెలిసి తెలిసే తక్కువ వెలుగు ఇవ్వడం. తర్వాత రీలు కడిగేటప్పుడు డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి ఆ లోటు పూడ్చేవాళ్లు. పుష్ చేయడం అంటే ఇదే. దీనివల్ల నీడల్లో వివరం పోతుంది, తెలుపు మరీ తెల్లగా అవుతుంది, గింజ, అంటే ఫొటోలో కనిపించే చుక్కలు, పెద్దదవుతుంది. రాక్ ఫొటో అనగానే మన కళ్ల ముందు మెదిలే ఆ గరుకుదనం పుట్టింది అందులోంచే. శైలి కోసం మొదలైంది కాదు, వెలుగు లేక మొదలైంది. తర్వాత అదే శైలి అయింది. ఆంటన్ కోర్బైన్ లాంటివాళ్లు ఆ గింజని ప్రేమించి, పట్టపగలు తీసినా అదే రూపం తెచ్చారు.

రెండోది లైకా. ఎస్ఎల్ఆర్‌లా లోపల అద్దం పైకి లేవదు కాబట్టి చప్పుడు తక్కువ, చిన్నగా ఉంటుంది, ఒకే దూరపు లెన్స్. జూమ్ లేదు కాబట్టి మనిషే ముందుకు నడవాలి. ఇది డ్రెస్సింగ్ రూములో చాలా పెద్ద లాభం.

ఇక బేస్_వరంగల్ అడిగినదానికి. నాకు తెలిసి రెండు కారణాలు. పరువు తీసే ఫొటోలు అతను బయటికి వదలడు అన్న నమ్మకం ఒకటి. రెండోది, వాళ్లలో ఒకడిలాగే ఉండేవాడు. 1971లో జార్జియా రాష్ట్రం మేకన్‌లో ఆల్‌మన్ బ్రదర్స్‌ని ఆల్బమ్ అట్ట కోసం ఇటుక గోడ ముందు కూర్చోబెట్టాడు. పొద్దున్నే లేపారని అందరి మొహాలూ ముడుచుకుని ఉన్నాయి. ఇంతలో డ్యూయేన్ ఆల్‌మన్‌కి తెలిసినవాడెవడో వీధిలో కనిపించాడు. లేచి పరుగెత్తి, వాడి దగ్గర ‘సరుకు’ తీసుకొచ్చి, చేతిలో దాచుకుని మళ్లీ తన చోట కూర్చున్నాడు. అందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. అట్ట మీద ఉన్న నవ్వు అదే.

ఫ్రీమాంట్_బాబాయ్ (కాలిఫోర్నియా) | ఆదివారం ఉదయం 10:55

అబ్బాయిలూ, అమ్మాయిలూ, ఈ చర్చ దారం చూసి ప్రాణం లేచొచ్చింది. నేను ఇక్కడికి చదువుకి వచ్చిన రోజుల్లో ఓక్లాండ్ స్టేడియంలో కచేరీల నిర్వాహకుడు బిల్ గ్రాహమ్ వాళ్ల ‘డే ఆన్ ది గ్రీన్’ కచేరీలు జరిగేవి. ఎండలో గడ్డి మీద కూర్చుని వినేవాళ్లం. స్టేజీ పక్కన మెడ నిండా కెమెరాలతో ఉన్నవాళ్లని చూసి ఈర్ష్య పడేవాణ్ని, టికెట్ లేకుండా అంత దగ్గరికి వెళ్తున్నారని.

మార్షల్ గురించి చెప్పారు కాబట్టి అతనికి పూర్తి వ్యతిరేకమైన మనిషి గురించి చెప్తాను. హెన్రీ డిల్ట్జ్. మొదట ఇతను బ్యాంజో వాయించేవాడు, మోడర్న్ ఫోక్ క్వార్టెట్ బృందంలో. టూర్‌లో ఉన్నప్పుడు ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొన్నాడు, సరదాగా స్నేహితులకి స్లైడ్ షోలు వేసేవాడు. ఆ స్నేహితులే లాస్ ఏంజలస్ లారెల్ క్యానియన్‌లో ఉండే రేపటి పెద్ద పేర్లు. అరవడు, ఆజ్ఞాపించడు, పక్కన కూర్చుని కబుర్లు చెప్తాడు.

1969లో క్రాస్బీ, స్టిల్స్, నాష్ ముగ్గుర్నీ ఒక పాడుబడ్డ ఇంటి ముందు పాత సోఫాలో కూర్చోబెట్టి తీశాడు. అప్పటికి బృందానికి పేరు ఖాయం కాలేదు. తర్వాత పేరు పెట్టుకున్నారు, క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్ అని. ఫొటోలో చూస్తే ఎడమ నుంచి నాష్, స్టిల్స్, క్రాస్బీ! తిరగబడింది. పోనీలే, మళ్లీ వెళ్లి వరస మార్చి కూర్చుందామని కొద్దిరోజుల్లోనే అక్కడికి వెళ్లారు. ఇల్లు లేదు. బుల్డోజర్‌తో నేలమట్టం చేసి, కట్టెలన్నీ ఒక పక్కకి నెట్టేశారు. అలా ఆ తిరగబడ్డ వరసే అచ్చయింది.

అదే ఏడాది డిసెంబర్‌లో డోర్స్ బ్యాండ్‌ని మారిసన్ హోటల్‌కి తీసుకెళ్లాడు. రూములు చవగ్గా దొరికే మామూలు హోటల్. కౌంటర్ దగ్గర ఉన్నవాడు యజమానిని అడక్కుండా ఫొటోలు వద్దన్నాడు. బయటికి వచ్చి నిలబడ్డారు. ఇంతలో ఆ కుర్రాడు లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్లాడు. నలుగురూ లోపలికి ఉరికి కిటికీ వెనక నిలబడ్డారు, డిల్ట్జ్ రోడ్డు వైపు నుంచి చకచకా తీసేశాడు. వాడు దిగేలోపు పని పూర్తి. 2024 డిసెంబర్‌లో ఆ భవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది, వార్త చూసి బాధేసింది.

పాటలపిచ్చి | ఆదివారం మధ్యాహ్నం 12:20

బాబాయ్ గారి కథలు బాగున్నాయి, కాదనను. కానీ అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను కాస్త అపశ్రుతి పలుకుతా.

ఈ ఫొటోగ్రాఫర్లు నిజం చూపించారంటున్నారు. సగం మంది చేసింది ప్రచారం కదా? మిక్ రాక్‌ని తీసుకోండి. గాయకుడు డేవిడ్ బౌవీని పైనుంచి కిందిదాకా ఒక బొమ్మగా చెక్కాడు. 1974లో క్వీన్ బ్యాండ్ రెండో ఆల్బమ్ అట్ట: నల్లటి నేపథ్యం, నాలుగు మొహాలు, గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఛాతీ మీద చేతులు. అది సినిమా నటి మార్లీన్ డీట్రిచ్ పాత స్టిల్ చూసి చేయించింది. మరుసటి ఏడాది ‘బొహీమియన్ రాప్సొడీ’ పాట వీడియోలో క్వీన్ వాళ్లు మళ్లీ అదే భంగిమ పెట్టారు. ఇందులో దాచిన నిజం ఎక్కడుంది? చక్కటి సెట్టింగు ఉంది. అలాగని తక్కువ ఫొటోనా? నాకైతే మార్షల్ తీసినవాటికంటే అదే ఇష్టం.

గేర్డ్ మాంకోవిట్జ్ 1966 నవంబర్‌లో లండన్ ప్రిమ్‌రోజ్ హిల్ మీద రోలింగ్ స్టోన్స్‌ని తీసినప్పుడు, అద్దం ముక్కకి వాసలిన్ పూసి లెన్స్ ముందు పెట్టాడు. అంచులన్నీ కరిగిపోయినట్టు వచ్చాయి. రాత్రంతా రికార్డింగ్ చేసి నిద్రలేక తూలుతున్న మనుషుల్ని మెలకువలో కలగంటున్నట్టు చూపించింది ఆ వాసలినే.

ఇంకో మాట. మార్షల్‌ని దేవుణ్ని చేయకండి. తుపాకులు, కొకైన్, కోర్టులు, అన్నీ ఉన్నాయి అతని జీవితంలో. ఇతన్ని ఇంట్లోకి రానిచ్చిన మనుషులు కూడా అలాంటివాళ్లే.

పిట్‌లో_పిల్లి | ఆదివారం మధ్యాహ్నం 1:45

> ఇతన్ని ఇంట్లోకి రానిచ్చిన మనుషులు కూడా అలాంటివాళ్లే.

ఇది మాత్రం ఒప్పుకుంటాను. లోపల ఉండటానికి ఖరీదు ఉంటుంది. ఆనీ లీబోవిట్జ్ 1975లో రోలింగ్ స్టోన్స్ టూర్ మొత్తం వెంట తిరిగారు. అద్భుతమైన ఫొటోలు వచ్చాయి. ఆ టూర్‌లో మత్తుమందు అలవాటైందని, అందులోంచి బయటపడటానికి ఏళ్లు పట్టిందని ఆవిడే చెప్పారు. అదే మనిషి 1980 డిసెంబర్ 8న బీటిల్స్ జాన్ లెనన్ ఇంట్లో, అతను బట్టల్లేకుండా భార్య యోకో ఓనోని చుట్టుకుని పడుకున్న ఫొటో తీశారు. ఆ రాత్రే అతన్ని కాల్చి చంపారు. ఆ ఫొటోని ఇప్పుడు ఆ సంగతి తెలియనట్టు చూడటం ఎవరివల్లా కాదు.

ప్రచారం అన్నారు కాబట్టి, ఏ సెట్టింగూ లేని ఉదాహరణ ఒకటి. కెవిన్ కమిన్స్, 1979 జనవరి 6, మాంచెస్టర్ హ్యూమ్‌లో ఒక కాలినడక వంతెన. ఊరంతా మంచు. జాయ్ డివిజన్ కుర్రాళ్లు చలికి ముడుచుకుని నిలబడ్డారు. ఫొటోలో సగానికి పైగా ఖాళీ తెలుపే, మనుషులు చిన్నగా ఉంటారు. ఫిల్మ్ కొనడానికి కూడా డబ్బులు చూసుకునే రోజులు, కాబట్టి ఆచితూచి తీశాడు. ఆ బ్యాండ్ సంగీతం ఎలా ఉంటుందో వినకుండానే చెప్పే ఫొటో అది. ఇప్పుడు నా కార్డులో ఒక్క సాయంత్రానికే వందల ఫ్రేములు పడతాయి. ఇంటికొచ్చి ఏరుకోవడమే సగం పని.

లా_పాయింట్ (గుంటూరు) | ఆదివారం సాయంత్రం 4:10

మొదటి పోస్టులో ‘నెగెటివ్‌లు నావే’ అన్న మాట ఉంది. దాన్ని అందరూ దాటేసి వెళ్లిపోయారు. నా దృష్టిలో ఇక్కడున్న పెద్ద విషయం అదే.

1967లో రోలింగ్ స్టోన్ పత్రిక మొదలుపెట్టినప్పుడు వాళ్ల దగ్గర డబ్బు లేదు. బారన్ వోల్మన్ మొదటి ఫొటోగ్రాఫర్‌గా చేరుతూ, జీతం వద్దు, ఫొటోల హక్కులు మాత్రం నావే, కంపెనీలో కొంత వాటా ఇవ్వండి అని ఒప్పుకున్నాడు. హెండ్రిక్స్, జానిస్, ఉడ్‌స్టాక్ సంగీతోత్సవం జనం, ఇవన్నీ అలా అతని సొత్తుగానే ఉండిపోయాయి. ముసలితనంలో ప్రింట్లు అమ్ముకుని, పుస్తకాలు వేసుకుని గౌరవంగా బతికాడు.

మన దేశంలో ఎలా? 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడండి. ఫొటో తీసినవాడే మొదటి హక్కుదారు. కానీ ఎవరైనా డబ్బిచ్చి, నాకు తీసిపెట్టు అని తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు డబ్బిచ్చినవాడికి పోతుంది. ఉద్యోగంలో భాగంగా తీస్తే యజమానికి పోతుంది. అంటే ఈవెంట్ కంపెనీ నుంచి ఫీజు తీసుకుని కచేరీ తీసేవాళ్లు, హక్కు నాదే అని కాగితం మీద రాయించుకోకపోతే, చట్టం వాళ్ల పక్షాన లేదు. పెళ్లి ఫొటోగ్రాఫర్లకీ ఇదే వర్తిస్తుంది. 2012 సవరణ తర్వాత ఫొటోకి కూడా తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంది. మనవల దాకా ఆదాయం రావాల్సినదాన్ని ఫుడ్ కూపన్‌కి రాసిచ్చేవాళ్లని చూశాను.

పిట్‌లో_పిల్లి | ఆదివారం సాయంత్రం 4:52

లాయర్ గారూ, దండం. ఇప్పుడు పాస్‌తో పాటు ఒక కాగితం పెడతారు, గేటు దగ్గర వెనక క్యూ తోస్తుంటే సంతకం పెట్టాలి. ఒక్కసారే అచ్చు వేసుకోవాలి, మేం అడిగితే ఎక్కడైనా ఉచితంగా వాడుకుంటాం, ఇలా ఉంటాయి షరతులు. ఒక షోకి వచ్చిన కాగితం చదివి నేను వెనక్కి ఇచ్చేశాను. ఆ నిర్వాహకుల నుంచి మళ్లీ పిలుపు రాలేదు, ఎవరన్నది ఇక్కడ అనవసరం.

2015లో ఫూ ఫైటర్స్ బ్యాండ్ ఇలాంటి కాగితమే పెడితే అమెరికాలో వాషింగ్టన్ సిటీ పేపర్ అనే పత్రిక సంతకం పెట్టేది లేదంది. మీ పాస్ వద్దు, టికెట్ కొని వెళ్లిన అభిమానుల దగ్గర ఫొటోలు కొనుక్కుంటామని రాసింది. కెనడాలో ల సొలేయ్ అనే పత్రిక ఇంకా తమాషా చేసింది. ఫొటోగ్రాఫర్‌కి బదులు కార్టూనిస్టుని పంపి, కచేరీ బొమ్మలు గీయించి అచ్చేసింది! మన పత్రికలు ఒక్కటైనా ఇలా చేస్తే చూడాలని ఉంది. ఇక్కడ కార్టూనిస్టులకి కొదవ లేదు కదా.

బేస్_వరంగల్ | ఆదివారం సాయంత్రం 5:30

పిల్లి అక్కా, బ్యాండ్ల తరఫున ఒక మాట. పెద్ద బ్యాండ్లు ఎందుకు భయపడుతున్నాయంటే, మార్షల్ రోజుల్లో ఫొటో ఒక పత్రికలో పడితే అయిపోయేది. ఇప్పుడు ఒక చెడ్డ ఫొటో పడితే పొద్దున లేచేసరికి మీమ్ అయి దేశమంతా తిరుగుతది. అలాగని హక్కులు లాక్కోవడం కరెక్ట్ కాదు. మా లాంటి చిన్న బ్యాండ్లకైతే ఏ కాగితమూ లేదు. రండి, సౌండ్ చెక్ నుంచి వ్యాన్‌లో సామాన్లు ఎక్కించేదాకా తీసుకోండి. మీరు వెతికే 1968 ఇంకా మా దగ్గరే ఉంది, వచ్చి చూసేవాళ్లే లేరు.

2011 అక్టోబర్‌లో మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు మా బ్యాచ్ హైదరాబాద్ నుంచి బస్సులో పోయినం. రెండు రోజుల ముందు గుర్గావ్ షో రద్దయింది, ఇది కూడా పోతుందేమోనని ఒకటే టెన్షన్. నాకు కనబడింది తలకాయలు, స్క్రీన్. పిట్‌లో ఉన్న ఫొటోగ్రాఫర్లని చూసి, అదృష్టవంతులు అనుకున్నా. మూడు పాటలకే వాళ్లని పంపేశారని ఇప్పుడు తెలిసి కొంచెం జాలేస్తోంది.

ట్రైఎక్స్400 | ఆదివారం రాత్రి 8:15

ఆ చివరి మాట పట్టుకుని పాటలపిచ్చి గారికి జవాబిస్తాను. మిక్ రాక్ సెట్టింగులు గొప్పవే. కానీ అతనూ బౌవీతో నెలల తరబడి రైళ్లలో, డ్రెస్సింగ్ రూముల్లో ఉన్నాడు. అలా ఉన్నాడు కాబట్టే ఎలా కూర్చోబెట్టాలో తెలిసింది. కరాఫ్ కూడా మూడు పాటలకి లేచి వెళ్లలేదు, రోజంతా స్టేజీ అంచున ఉన్నాడు. మీరిచ్చిన ఉదాహరణలన్నీ తిరిగి నా వైపే వస్తున్నాయి.

మన దేశంలో జరిగిన కథ ఒకటి చెప్పకపోతే లోటు. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ రిషికేశ్ ఆశ్రమంలో ఉన్నప్పుడు ప్రపంచ పత్రికల వాళ్లంతా గేటు బయట పడిగాపులు కాశారు. పాల్ సాల్ట్‌జ్‌మన్ అనే కెనడా కుర్రాడు ధ్యానం నేర్చుకోవడానికి వెళ్లి లోపల చోటు సంపాదించాడు. మామూలు కెమెరాతో తీరిగ్గా కొన్ని ఫొటోలు తీశాడు. నదికి దగ్గర, ఎండలో, గిటార్లు ఒళ్లో పెట్టుకుని ఉన్న మనుషులు. ఇంటికెళ్లి స్లైడ్లు పెట్టెలో పెట్టి మరిచిపోయాడు. ముప్ఫై ఏళ్లు దాటాక కూతురు గుర్తుచేస్తే తవ్వి తీశాడు. గేటు బయట అంతమంది నిపుణులున్నా, లోపలి ఫొటోలు పాస్ లేని ఈ కుర్రాడికి దక్కాయి.

పాటలపిచ్చి | ఆదివారం రాత్రి 8:41

సరే, సగం ఒప్పుకున్నా. మిగతా సగం వాసలిన్‌కే.

మోడరేటర్ | ఆదివారం రాత్రి 9:05

ఈ దారంలో చెప్పుకున్న ఫొటోల పెద్ద సైజు స్కాన్లు పంపమని ఇద్దరు అడిగారు. ఆ పోస్టులు తీసేశాను. లా_పాయింట్ గారు అంత రాశాక కూడానా?

కొత్త_కెమెరా | సోమవారం సాయంత్రం 6:20

అందరికీ థాంక్స్. మా కాలేజీ ఫెస్ట్‌కి ఈ నెలాఖర్లో ఒక రాక్ బ్యాండ్ వస్తోంది. ఫొటోలు తీయమని నాకే చెప్పారు, మూడు పాటల గొడవ లేదు. నా దగ్గర 50 ఎంఎం ఎఫ్ 1.8, కిట్ లెన్స్ ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలి?

పిట్‌లో_పిల్లి | సోమవారం రాత్రి 7:35

50 పెట్టు, కిట్ లెన్స్ బ్యాగులో ఉంచు. షట్టర్ 1/250కి తగ్గకు, జుట్టు విసిరే రకమైతే ఇంకా పెంచు. ఐఎస్ఓ 3200 అంటే భయపడకు, గింజ ఉన్నా ఫర్వాలేదు, బొమ్మ కదిలి మసకబారితే బాగుచేయలేం. రా (RAW) ఫైల్‌గానే తీయి. ఎర్ర, నీలం ఎల్ఈడీ లైట్లు పడినప్పుడు మొహం మొత్తం ఒకే రంగు ముద్దలా అవుతుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించు. మరీ దారుణమైతే నలుపు తెలుపు చేసేయ్. పాడేవాడు మైకు ఏ చేత్తో పట్టుకున్నాడో చూసి రెండో వైపు నిలబడు, లేకపోతే మూతికి బదులు మైకే కనిపిస్తుంది. మధ్యాహ్నం సౌండ్ చెక్‌కే వెళ్లి వాళ్లతో టీ తాగు, కెమెరా తర్వాత తీయొచ్చు. స్పీకర్ల ముందు నిలబడతావు కాబట్టి చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్స్ కొనుక్కో, మెడికల్ షాపులో అడిగినా దొరుకుతాయి.

ఫ్రీమాంట్_బాబాయ్ | సోమవారం రాత్రి 9:50

చెవుల మాట మాత్రం విను బాబూ. ఓక్లాండ్ ఎండల్లో నేను వినలేదు, ఇప్పుడు మా ఆవిడ ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది.

బేస్_వరంగల్ | సోమవారం రాత్రి 10:12

తమ్ముడూ, అందరూ పాడేవాణ్నీ గిటార్ వాయించేవాణ్నే తీస్తారు. వెనక చీకట్లో బేస్ పట్టుకుని ఒకడు నిలబడి ఉంటాడు, వాడికీ ఒక్కటి తీసిపెట్టు. వాట్సాప్‌లో పంపితే ఏడాది పాటు అదే డీపీ పెట్టుకుంటాడు.